ప్లేగు కాలమున పల్లెవారును సర్కారును

పంజాబు దేశమున, నాటి జలంధరము జిల్లాలో, ఖట్కర్ కలాన్ అను గ్రామము కలదు. 1897వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆ దేశమున ప్లేగు మొట్టమొదట కనబడినది ఈ యూరనే. అంతకు ముందటి సంవత్సరము సెప్టెంబరులో ఆ తెగులు బొంబాయి నగరమున బయటపడగా, 1897 ఫిబ్రవరిలో దొరతనమువారు అంటురోగముల చట్టమును చేసి, అధికారులకు మితిలేని యధికారముల నొసగిరి.

అంతవఱకు పల్లెవాడు సర్కారును రెండు రూపములనే యెఱుగును: శిస్తు వసూలు చేయు తహసీలుదారు, ఠాణాలోని పోలీసు. వీరిరువురును వాకిటనే నిలుచువారు. ప్లేగు అధికారి వంటయింటిలోనికి వచ్చెను. రోగము కనబడిన యూరు నంతయు ఖాళీ చేయించి, జనులను పొలములలోని గుడిసెలకు తరలించి, చుట్టును కావలి నుంచిరి. గుడ్డలను ధాన్యమును వెలుపలికి తీయించి, ఇండ్లను మందునీటితో కడిగించి, ఎండ తగులుటకై పైకప్పులకు కంతలు పెట్టించిరి. పరపురుషులు వచ్చి స్త్రీల చంకలను గజ్జలను పరీక్షింతురను మాటయే అనేకులకు చావుకంటె వెఱపు కలిగించెను. పినాంగునొద్ద జెరెజాకు ద్వీపపు కారంటీనులో దినములు లెక్కించిన పెద్దలు గల కుటుంబములకు ఆ వెఱపు కొంత తెలిసినదే.

1898 ఏప్రిలులో గఢ్‌శంకర్ అను పట్టణమున జనులు తిరుగబడగా పోలీసులు తుపాకులు కాల్చిరి, ప్రాణములు పోయెను. పిమ్మట టీకా సూదిని గూర్చి వింత వదంతులు పుట్టెను. సూది గజము పొడవనియు, పొడిపించుకొన్నవాడు అప్పుడే చచ్చుననియు, కాదు, ఆఱు నెలలు బ్రదికి చచ్చుననియు, స్త్రీలు గొడ్రాండ్రగుదురనియు చెప్పుకొనిరి. వీనిని మూఢత్వమని అధికారులు నవ్విరి. నవ్వుట సులభమే. కాని శిస్తులో దమ్మిడీ విడువని సర్కారు వెలలేకుండ మందేల యిచ్చునని పల్లెవాడు తలచుటలో మూఢత్వ మేమి కలదు?

అంతలో 1902 అక్టోబరు 30వ తేదీన మల్కోవాల్ గ్రామమున 107 మందికి ప్లేగు టీకాలు వేసిరి. మందు అయిదు సీసాలది. అందొక సీసా మందు పొందిన 19 మందికిని ధనుర్వాతము సోకెను, ఒక్కరును మిగులలేదు. తక్కినవారి కేమియు కాలేదు. ఈ మందును కనుగొన్న హాఫ్‌కిన్ పండితుడు 1897 జనవరిలో దానిని మొదట తన దేహముననే పొడిపించుకొన్నవాడు. అయినను తప్పు ఆయన బొంబాయి ప్రయోగశాలదని నిందమోపి ఆయనను పనినుండి తొలగించిరి. సీసాను తెఱచునప్పుడు సహాయకుని చేతి పటకారు నేలబడినదనియు, దానిని సరిగా శుద్ధిచేయకయే మరల వాడిరనియు విచారణలో తేలెను. 1907లో గాని ఆయనకు నింద తొలగలేదు. పండితులకు అయిదేండ్లు పట్టిన తీర్పును చుట్టుపట్టు గ్రామములవారు పీనుగులు లేచిననాడే చెప్పివేసిరి. వారు చూచినది సీసాను కాదు, సర్కారును.

ఇంతకును ప్లేగు ఎలుకల వలన వచ్చుననియు, వానిపై నుండు గోమారులు దానిని మనుష్యులకు చేర్చుననియు 1898లో కరాచీలో సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. దీనిని చాలమంది వైద్యులు వెంటనే నమ్మలేదు. గఢ్వాలు కొండలవారు మాత్రము ఇంటిలో ఎలుకలు చచ్చిన వెంటనే ఇల్లు విడుచుట పూర్వమునుండి ఆచారముగా కలిగియుండిరి. మందునీటితో కడుగుటకంటె అదియే మేలైన యుపాయము.

బలవంతమువలన రోగులను దాచుట హెచ్చుచున్నదని గ్రహించి దొరతనమువారు క్రమముగా నిర్బంధములను సడలించిరి. తెగులు మాత్రము తగ్గలేదు. 1907లో ఒక్క పంజాబుననే ఆఱు లక్షలకు పైగా జనులు మడిసిరి. ఆ యేండ్లలో అనేక గ్రామములవారు, ఎలుకలు రాలుట చూచి, ఎవ్వరును చెప్పకయే మంచములను పశువులను తోలుకొని పొలములకు పోయి గుడిసెలు వేసికొనిరి. 1898లో ఏ పొలములకు పోమని తిరుగబడిరో ఆ పొలములకే పోయిరి. ఈ మాఱు కావలివాడు లేడు.