మంచినీటి మోటారు, ఉప్పునీటి ఒడ్డు

పడవ గర్భంలో కాక, వెనుక పలకకు బయటివైపున బిగించి, అవసరం తీరాక విప్పి భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోగలిగే యంత్రాన్ని ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. పైన ఇంజిన్, మధ్యలో నిలువు షాఫ్టు, కింద ప్రొపెల్లర్ ఒకే స్తంభంగా అమరి ఉండే ఈ మోటారుకు కారులో ఉన్నట్టు రేడియేటర్ ఉండదు. పడవ తేలే నీటినే కిందనుంచి పీల్చుకుని, సిలిండర్ చుట్టూ ఉండే ఖాళీలలో, అంటే నీటి జాకెట్‌లో తిప్పి, వేడెక్కిన నీటిని తిరిగి బయటకు వదిలేస్తుంది. ఈ యంత్రం ఎందుకు వేడెక్కుతుందనే ప్రశ్నకు జవాబు ప్రధానంగా దాని నీటిదారిలోనే ఉంటుంది. ఆ దారికి వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ 1905లో ఒక మోటారును పడవకు తగిలించి పరీక్షించి, మరుసటి ఏడు అమ్మకానికి పెట్టాడు. అయితే ఈ యంత్రాన్ని సామాన్యుల చేతికి చేర్చినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో 1877లో పుట్టి, పసితనంలోనే విస్కాన్సిన్‌కు వలస వచ్చిన ఇతడు మిల్వాకీలో 1909లో అమ్మకానికి తెచ్చిన మోటారు శక్తి 1.5 అశ్వశక్తి, బరువు సుమారు 28 కిలోలు. ఈ పుట్టుకలో గమనించవలసిన విషయం ఒకటుంది. విస్కాన్సిన్ సరస్సులవి మంచినీళ్ళు. అవి చల్లనివి, అలలు తక్కువ, పడవను కట్టడానికి చెక్క రేవులుంటాయి. సెలవుదినాన చేపలు పట్టుకునేవారి సౌకర్యం కోసం అలాంటి నీటిలో రూపొందిన యంత్రం తరువాతి కాలంలో ఉప్పునీటికి, ఇసుక ఒడ్డుకు, అలల హోరుకు వచ్చి చేరింది. బంగాళాఖాతం ఒడ్డున దానికి కలిగిన ఇబ్బందులను ఎవరి అజాగ్రత్తకో ఆపాదించడం కంటే ఈ పుట్టుకలోనే వెతకడం న్యాయం.

తొలితరం మోటార్లలో నీటిని లాగడానికి పలు పద్ధతులు ఉండేవి. కొన్నింటిలో వేరే పంపే లేదు. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే నీటిలో కొంత ఒక రంధ్రం గుండా గొట్టంలోకి ఎక్కేది. ప్రొపెల్లర్ తిరుగుతున్నంతసేపూ ఇది పనిచేసింది. గేర్లు వచ్చి, ఇంజిన్ నడుస్తుండగానే ప్రొపెల్లర్‌ను ఆపే సౌకర్యం కలిగాక ఆ పద్ధతి చాలలేదు. షాఫ్టుతోపాటు ఎప్పుడూ తిరిగే పంపు తప్పనిసరి కావడంతో రబ్బరు ఇంపెల్లర్ స్థిరపడింది.

ఈ ఇంపెల్లర్‌ను కొంచెం దగ్గరగా చూడడం అవసరం. అరచేతిలో ఇమిడే ఈ చక్రానికి వంగే రబ్బరు రెక్కలు ఉంటాయి. దాన్ని ఉంచే గిన్నె సరిగ్గా మధ్యలో కాక కాస్త పక్కకు జరిగి ఉంటుంది కనుక, రెక్కలు ఒకవైపు ముడుచుకుని మరోవైపు విచ్చుకుంటూ తిరుగుతాయి. విచ్చుకున్నచోట నీరు లోపలికి వస్తుంది, ముడుచుకున్నచోట పైకి నెట్టబడుతుంది. నీరే ఆ రెక్కలకు కందెన. నీరు లేకుండా కొద్ది క్షణాలు తిరిగినా రబ్బరు గిన్నెకు రాసుకుని కాలిపోతుంది, రెక్కలు తెగుతాయి, తెగిన ముక్కలు పైకి పోయి సన్నటి దారులలో ఇరుక్కుంటాయి. అందుకే ఇంపెల్లర్ మార్చినా వేడి తగ్గని మోటారులో పాత రెక్క ముక్కల కోసం వెతకడం అనుభవజ్ఞులైన మెకానిక్కుల ఆనవాయితీ.

భారతదేశంలో చేపల పడవలకు యంత్రాలు బిగించే ప్రయత్నం 1952లో నార్వే, భారత ప్రభుత్వాలు, ఐక్యరాజ్యసమితి కుదుర్చుకున్న ఒప్పందంతో కేరళలోని నీండకర ప్రాంతంలో ఊపందుకుంది. ఎవిన్‌రూడ్ జన్మదేశమే ఈ పనికి ముందుకు రావడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం. అక్కడ ముఖ్యంగా పడవ లోపల బిగించే ఇంజిన్లకే ప్రాధాన్యం లభించింది. సంప్రదాయ పడవలకు ఔట్‌బోర్డ్ మోటార్లు విరివిగా వచ్చింది 1980ల తొలినాళ్ళలోనే. అవి పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరోసిన్‌కు మారే రకం. కిరోసిన్ సరిగా మండకపోతే మసి పేరుకుంటుంది, ఇంధనంలో కలిపే నూనె పాలు తగ్గితే పిస్టన్ రాపిడికి గురవుతుంది. కాబట్టి నీటిదారి బాగున్నా మోటారు వేడెక్కే మరో మార్గం ఇక్కడ ఏర్పడింది.

ఆంధ్ర తీరంలో చిక్కు మరింత ముదిరింది. శ్రీకాకుళం, విశాఖ వైపు దుంగలను తాళ్ళతో బిగించిన తెప్పలు, గోదావరి ప్రాంతంలో నావలు నేరుగా ఇసుక ఒడ్డునుంచే సముద్రంలోకి దిగేవి. వేటకు పోయే ప్రతిసారీ విరిగే అలలను దాటవలసిందే. అల లేపిన ఇసుక నీటితోపాటు పంపులోకి పోయి రబ్బరును, గిన్నెను ఒరిపిడి పెడుతుంది. ఒడ్డుకు వచ్చేటప్పుడు ప్రొపెల్లర్ నేలకు తగలకుండా మోటారును పైకి ఎత్తితే నీరు పీల్చే రంధ్రాలు గాలిలోకి వస్తాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆధ్వర్యంలో, స్వీడన్ సాయంతో, మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు దిగే పడవలను రూపొందిస్తూ, పైకి ఎత్తుకోగలిగే ప్రొపెల్లర్ అమరికపై శ్రద్ధ పెట్టింది. కాలక్రమంలో ఈ తీరపు ఫైబర్ తెప్పలపై గాలితో చల్లబడే డీజిల్ ఇంజిను, దానికి పొడవాటి షాఫ్టు, చివర ప్రొపెల్లర్ ఉండే అమరిక విస్తృతంగా కనిపించసాగింది. దాన్ని ఖర్చు తక్కువైన ప్రత్యామ్నాయంగా మాత్రమే లెక్కించడం పొరపాటు. ఇసుకనీరు అసలు ఇంజిన్‌లోకి పోనవసరం లేని ఈ ఏర్పాటు ఆ ఒడ్డుకు తగిన ఆలోచన.

నీటితో చల్లబడే మోటార్లు వాడేవారిలో ఒక పరిశీలనా పద్ధతి రూపుదిద్దుకుంది. మోటారు పక్కనుంచి పిచికారీలా పడే సన్నటి నీటిధార పంపు పనిచేస్తున్నదని తెలిపే గుర్తు. ధార ఆగితే వెంటనే ఇంజిన్ ఆపి, ముందుగా ఆ రంధ్రంలోనే సన్నటి తీగ దూర్చి చూస్తారు, ఎందుకంటే ఇసుకరేణువు అడ్డుపడి ధార ఆగినా లోపల నీరు తిరుగుతూనే ఉండవచ్చు. ఆ తరువాత కింద నీరు పీల్చే జాలీకి నాచుగానీ, ప్లాస్టిక్ సంచిగానీ చుట్టుకున్నదేమో చూస్తారు. ఈ ప్లాస్టిక్ ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిపడిన పీడ. అక్కడా లోపం లేకపోతేనే ఇంపెల్లర్ విప్పుతారు. వేడి తీరును బట్టి కూడా కారణం ఊహించవచ్చు: మెల్లగా నడిచేటప్పుడు కాగి, వేగం పెంచగానే చల్లబడితే రెక్కలు అరిగినట్టు, మెల్లగా ఉన్నప్పుడు బాగుండి వేగంలో కాగితే నీటిదారి ఇరుకైనట్టు అనుమానిస్తారు.

ఇరుకు చేసేది తరచుగా ఉప్పు. నీటి ప్రవాహాన్ని వేడిని బట్టి తెరిచి మూసే థర్మోస్టాట్ అనే కవాటం ఉప్పు పట్టి మూసుకుపోతే ధార పడుతూనే ఉన్నా సిలిండర్ తల కాగిపోవచ్చు. నీటి జాకెట్ గోడలకు పట్టిన ఉప్పుపొర లోహంలోని వేడిని నీటికి చేరనివ్వదు. దీనికి మందు వేట ముగిశాక చేసే పనిలోనే ఉంది: మోటారును మంచినీళ్ళు నింపిన పీపాకు తగిలించి, నీరు పీల్చే రంధ్రాలు పూర్తిగా మునిగేలా చూసి, లోపలి ఉప్పు కడుక్కుపోయేదాకా కొన్ని నిమిషాలు మెల్లగా నడపాలి. విస్కాన్సిన్ సరస్సులో ఊరకనే దొరికిన ఆ నీటిని తాగునీటికే కటకటలాడే తీరపు పల్లెల్లో బిందెలతో మోసి పీపాలో పోయవలసి వస్తుంది.