నిఖత్ ఓడిన ఏళ్లు

మా ములకలపల్లిలో మండల స్థాయి బడి ఆటలు జరిగే రోజున మధ్యాహ్నం కల్లా సగం మంది పిల్లలు తిరుగు ఆటో ఎక్కేస్తారు. ఆశ్రమ పాఠశాలల నుంచి, చుట్టుపక్కల కోయ గూడేల నుంచి పొద్దున్నే వచ్చిన పిల్లలే వాళ్లు. కబడ్డీలోనో ఖోఖోలోనో మొదటి ఆటే పోయిందంటే ఇక అక్కడ వాళ్లకు పని ఉండదు. మర్నాడు జిల్లా పేజీలో గెలిచిన జట్టు ఫొటో పడుతుంది. ఓడిన పిల్ల పేరు స్కోరు వేసిన కాగితం మీదే ఉంటుంది. సాయంత్రానికి ఆ కాగితమూ ఉండదు. ఏటా ఈ ఆటలు చూసే నాకు గెలిచిన జట్ల కన్నా ఆ ఆటోలే ఎక్కువ గుర్తు.

నిఖత్ జరీన్ కథను ఓటముల వైపు నుంచి చెప్పాలని నాకు చాలా కాలంగా ఉంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ విజేత అయిందని మన పిల్లలందరికీ తెలుసు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు తేదీలతో సహా చెబుతారు. అంతకుముందు పదేళ్లపాటు ఆ నిజామాబాద్ అమ్మాయి ఎక్కడెక్కడ ఓడిందో మాత్రం ఏ పరీక్షలోనూ అడగరు.

నిఖత్ 1996 జూన్ 14న పుట్టింది. మహమ్మద్ జమీల్ అహ్మద్, పర్వీన్ సుల్తానా దంపతుల నలుగురు కూతుళ్లలో మూడోది. జమీల్ వయసులో ఉన్నప్పుడు ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవాడు. సౌదీలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి, పిల్లల చదువుల కోసం, ఆటల కోసం ఊరికి తిరిగొచ్చాడు. నిఖత్‌ను మొదట పరుగు పందేలకే తయారుచేశాడు. ఒకసారి ఆటల పోటీల్లో ఆ పిల్ల ఒక సంగతి గమనించింది. అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు ఉన్నారు, బాక్సింగ్‌లో మాత్రం ఒక్కరూ లేరు. ఎందుకని తండ్రిని అడిగింది. ఆడపిల్లలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారు మరి, అన్నాడాయన. ఆ మాట ఆమెను రింగ్‌లోకి తీసుకెళ్లింది. నిజామాబాద్‌లో బాక్సింగ్ నేర్పే షంషాముద్దీన్ దగ్గర గ్లౌజులు తొడుక్కుంది.

అక్కడ జోడీగా ఆడటానికి అమ్మాయిలు లేరు, మగపిల్లలతోనే దిగాలి. మొదట్లోనే ముక్కు వెంట రక్తంతో, వాచిన కన్నుతో ఇంటికొచ్చింది. తల్లి ఏడ్చింది. ముఖం ఇట్లా అయితే నిన్నెవరు చేసుకుంటారని బాధపడింది. పేరొస్తే పెళ్లికొడుకులు గుమ్మం ముందు వరస కడతారులే అమ్మీ అని కూతురు బదులిచ్చిందట. పొట్టి నిక్కరు వేసుకుని ఆడటం ఏమిటని చుట్టాలు అన్న మాటలు కూడా ఆ ఇంటికి చేరాయి. జమీల్ వాటిని పట్టించుకోలేదు. నిఖత్ మొదటి ఓటమి ఏ రికార్డులోనూ ఉండదు. ఆ వాచిన కన్నే అది.

2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా శిక్షణ కేంద్రానికి ఎంపికైంది. అక్కడ కోచ్ ఐ.వెంకటేశ్వరరావు. 2011లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నది ఆయనే. 2010లో ఈరోడ్ జాతీయ పోటీల్లో నిఖత్ ఉత్తమ బాక్సర్. 2011 ఏప్రిల్‌లో టర్కీలో జరిగిన ప్రపంచ జూనియర్, యూత్ పోటీల్లో 50 కిలోల ఫైనల్లో టర్కీ అమ్మాయి ఉల్కు డెమిర్‌ను 27-16తో ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు నిండలేదు. ఈ తరం వాళ్లకు ఆ 27-16 వింతగా అనిపించవచ్చు. ఆ రోజుల్లో పంచ్ తగిలినప్పుడల్లా న్యాయనిర్ణేతలు మీట నొక్కేవారు, ఆ లెక్కే స్కోరు. తరువాత పద్ధతి మారింది. ఇప్పుడు ఒక్కో రౌండ్‌లో పైచేయి అయినవారికి పది, రెండోవారికి తొమ్మిదో అంతకన్నా తక్కువో ఇస్తారు. మామూలుగా ఐదుగురు న్యాయనిర్ణేతల లెక్కలు కలిపి 5-0, 4-1 అని ఫలితం చెబుతారు.

పత్రికల్లో నిఖత్ కథ సాధారణంగా ఇక్కడి నుంచి ఒక్క గంతులో 2022కి చేరిపోతుంది. మధ్యలో పదకొండేళ్లున్నాయి.

బాక్సింగ్ పతకాల్లో ఒక విశేషం ఉంది. కుస్తీలోలా కాంస్యం కోసం ఇక్కడ విడిగా పోటీ పెట్టరు. సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ చెరొక కాంస్యం ఇస్తారు. అంటే కాంస్యం మెడలో వేసుకున్న బాక్సర్ చివరిగా ఆడిన ఆటలో ఓడినట్టే. రజతమూ అంతే. నిఖత్ జీవిత పట్టికను ఈ కంటితో చదివితే ఓటములు వాటంతటవే బయటపడతాయి. 2013లో బల్గేరియాలో ప్రపంచ యూత్ పోటీల్లో రజతం అంటే ఫైనల్ ఓటమి. కాంస్యం లెక్కకు ఒక మినహాయింపూ ఉంది: అదే నిజామాబాద్‌కు చెందిన బాక్సర్ హుసాముద్దీన్, షంషాముద్దీన్ కొడుకు, 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో మోకాలి గాయంతో సెమీఫైనల్ ఆడలేకపోయాడు. దిగకుండానే కాంస్యం తీసుకోవాల్సి రావడం అంతకన్నా పెద్ద బాధ.

2014 జనవరిలో సెర్బియాలోని నోవిసాద్‌లో రష్యా బాక్సర్ పాల్ట్సేవా ఎకటెరీనాను ఓడించి నిఖత్ స్వర్ణం గెలిచింది. 2015లో అస్సాంలో సీనియర్ జాతీయ విజేత అయింది. దారి తిన్నగానే ఉందనిపించింది. 2016లో అస్తానాలో సీనియర్ ప్రపంచ పోటీలు. నిఖత్‌కు నప్పే 51 కిలోల్లో భారత్ తరఫున మేరీ కోమ్ ఉంది. దాంతో నిఖత్ 54 కిలోల్లో దిగింది. బాక్సింగ్‌లో మూడు కిలోలంటే చిన్న తేడా కాదు. ఎదుటి మనిషి పొడవు, చేయి సాగే దూరం, పంచ్ బరువు అన్నీ మారిపోతాయి. క్వార్టర్‌ఫైనల్లో ఓడి తిరిగొచ్చింది. ఆ ఓటమిలో ఆమె తప్పెంత, జాగా లేక జరగాల్సి రావడం ఎంత అన్నది ఎవరూ విడదీసి రాయలేదు. నా లెక్కలో రెండోదే ఎక్కువ.

2017లో విశ్వవిద్యాలయాల పోటీల్లో భుజం జారింది. శస్త్రచికిత్స చేశారు. దాదాపు ఏడాది పాటు రింగ్‌కు దూరమైంది. చేయి ఎత్తడమే కష్టమైన బాక్సర్‌కు ఇరవై ఒకటో ఏట ఎదురయ్యే సందేహాలు ఊహించుకోండి. 2018 జనవరిలో రోహ్‌తక్ జాతీయ పోటీల్లో వచ్చింది కాంస్యమే. ఈసారి ఓటమి సొంత దేశంలోనే. ఆ ఏడాది కామన్వెల్త్ క్రీడలకు, ఆసియా క్రీడలకు, ఢిల్లీలోనే జరిగిన ప్రపంచ పోటీలకు ఆమె పేరు లేదు. పద్నాలుగేళ్లకు ప్రపంచాన్ని గెలిచిన పిల్ల ఇరవై రెండేళ్లకు జట్టు బయట ఉంది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది ఆ ఏడాదే. అప్పుడు ఆమె మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు, ఎవరూ గుర్తుపెట్టుకునేవారూ కాదు. ఆమె మానలేదు, బెల్‌గ్రేడ్‌లో పోటీలకు వెళ్లి స్వర్ణం తెచ్చుకుంది. 2019 ఫిబ్రవరిలో బల్గేరియాలోని స్ట్రాంజా పోటీల్లో మరొకటి.

ఆ ఏడాది మే నెలలో గౌహతిలో ఇండియా ఓపెన్ సెమీఫైనల్. ఎదురుగా చిన్నప్పటి నుంచి ఆరాధించిన మేరీ కోమ్. 4-1తో మేరీ గెలిచింది. శరదృతువులో ప్రపంచ పోటీలకూ, ఆ తరువాత ఒలింపిక్ అర్హత పోటీలకూ ట్రయల్స్ లేకుండానే మేరీని పంపాలని బాక్సింగ్ సమాఖ్య అనుకున్నప్పుడు నిఖత్ అప్పటి క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. ఆమె అడిగిందల్లా ట్రయల్స్ పెట్టమనే. నిఖత్ ఎవరు అని మేరీ ఎదురు ప్రశ్న వేయడం దేశమంతా విన్నది. చివరికి 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో ఇద్దరూ తలపడ్డారు. 9-1తో మేరీదే గెలుపు. బౌట్ అయ్యాక మేరీ చేయి కలపలేదు. రింగ్ పక్కనున్న తెలంగాణ వాళ్లు నిరసన తెలిపారు.

ఆ ఫలితం మీద వాదన పెట్టుకోను. ఆ రోజు మేరీయే గెలిచిందని న్యాయనిర్ణేతలు అన్నారు, అంతే. నిఖత్ ఆ రోజు ఓడినా, ఆరుసార్లు ప్రపంచ విజేత అయినవాళ్లు కూడా రింగ్‌లో దిగి జాగా సంపాదించుకోవాలన్న పద్ధతి నిలిచింది. అది ఆమె లేఖ వల్లే నిలిచింది. మారుమూల నుంచి వచ్చే ప్రతి పిల్లకూ ట్రయల్స్ ఒక్కటే తలుపు. ఆ తలుపు మూసేస్తే ఇక వాళ్లకు మిగిలేది సిఫారసు.

మేరీ కోమ్ మొదలు కూడా ఓటమే. మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు మొట్టమొదట 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో జరిగినప్పుడు ఫైనల్ దాకా వెళ్లి టర్కీ బాక్సర్ హుల్యా షాహిన్ చేతిలో ఓడి రజతంతో తిరిగొచ్చింది. మహమ్మద్ అలీ ఇంకా కాషియస్ క్లేగా ఉన్న రోజుల్లో 1958లో షికాగోలో కెంట్ గ్రీన్ చేతిలో, 1959లో పాన్ అమెరికన్ క్రీడల ట్రయల్స్‌లో ఆమోస్ జాన్సన్ చేతిలో ఓడాడు. మరుసటి ఏడాదే రోమ్ ఒలింపిక్ స్వర్ణం. ఆ ఇద్దరి పేర్లు ఈనాడు ఎందరికి తెలుసు? క్లేకు మాత్రం తప్పక గుర్తుండి ఉంటాయి.

2021 మార్చిలో ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ పోటీలు. నిఖత్ అక్కడ ఇద్దరు ప్రపంచ విజేతలను ఓడించింది. ఒకరు కజకిస్తాన్ బాక్సర్ నజీమ్ కిజాయిబాయ్. రెండోవారు, ఏడేళ్ల కింద నోవిసాద్‌లో ఎదురుపడిన పాల్ట్సేవానే. సెమీఫైనల్లో టర్కీ బాక్సర్ బూసెనాజ్ చకిరోగ్లు చేతిలో ఓడింది. మళ్లీ కాంస్యం. ఆ చకిరోగ్లు టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా సెమీఫైనల్లో ఇద్దరూ మళ్లీ కలిశారు. ఈసారి నిఖత్ 4-1తో గెలిచింది. పదకొండు నెలల్లో ఆ ఓటమిని తిరగరాసింది.

2022 మే 19న అదే ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుటామాస్‌పై 5-0. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖల తరువాత ప్రపంచ విజేత అయిన ఐదో భారతీయ మహిళ. మరుసటి ఏడాది ఢిల్లీలో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థీ తామ్‌ను ఓడించి 50 కిలోల్లో మళ్లీ గెలిచింది. ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగం లేకపోవడంతో ఒంటి బరువు తగ్గించుకుని మరీ మారింది. పారిస్‌లో సీడింగ్ లేకుండా దిగి, రెండో బౌట్‌లోనే చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడింది. ఆ ఓటమి మనందరికీ తెలిసిందే, టీవీలో చూశాం కాబట్టి.

మా వైపు బాక్సింగ్ రింగ్‌లు లేవు. కిన్నెరసాని దగ్గర గిరిజన పిల్లల కోసం క్రీడా పాఠశాల ఉంది. భద్రాచలం పిల్ల గొంగడి త్రిష అండర్-19 ప్రపంచ కప్ దాకా వెళ్లింది. ఆడే పిల్లలకు ఇక్కడ కొరత లేదు. మొదటి ఆట ఓడిన పిల్లను రెండో ఏడు మళ్లీ మైదానానికి తీసుకొచ్చేవాళ్లకే కొరత. నిఖత్‌కు జమీల్ ఉన్నాడు, విశాఖ కేంద్రం ఉంది, భుజం జారిన ఏడాది ఆమెను వదిలేయని కుటుంబం ఉంది. మా గూడెం పిల్లలకు అన్నిటికీ పీఈటీ సారు, టీచరమ్మ మాత్రమే.

సార్లూ, టీచరమ్మలూ, ఈ ఏడు మండల ఆటలు అయ్యాక స్కోరు కాగితాలు పారేయకండి. ఓడిన పిల్లల పేర్లు, ఎవరి చేతిలో ఎంత తేడాతో ఓడారో రిజిస్టర్‌లో రాసిపెట్టండి. వచ్చే ఏడు పిల్లలను ఎంచేటప్పుడు ముందు ఆ పేజీ తెరవండి.