పిల్లల మనోవర్తి: భారతదేశంలో చట్టాలు, తీర్పుల చరిత్ర

విడిపోయిన తల్లిదండ్రులు తమ బిడ్డ తిండికి, బట్టకు, చదువుకు, వైద్యానికి కోర్టు ఆదేశం మేరకు చెల్లించే సొమ్మే పిల్లల మనోవర్తి. భరణం, పోషణ ఖర్చు అని కూడా అంటారు. భార్యకు వచ్చే భరణంలో ఇది భాగం కాదు, బిడ్డకు విడిగా ఉన్న హక్కు. కాపురం చెడడానికి కారణం ఎవరైనా, విడాకులు వచ్చినా రాకపోయినా ఆ హక్కు పోదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు సూటిగా జవాబు చెప్పింది మాత్రం 2000లోనే.

తొలి దశ

తెలుగు ప్రాంతాల్లో ప్రమాణంగా నడిచిన మితాక్షర సంప్రదాయం ప్రకారం మైనరు కొడుకులను, పెళ్లికాని కూతుళ్లను పోషించడం తండ్రి సొంత బాధ్యత. ఉమ్మడి ఆస్తి ఉన్నా లేకపోయినా అది తప్పదు. ముస్లిం ధర్మశాస్త్రం కూడా ఈ భారాన్ని ప్రధానంగా తండ్రి మీదే ఉంచింది.

బ్రిటిష్ పాలనలో వచ్చిన 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మతంతో నిమిత్తం లేకుండా భార్యాపిల్లల పోషణను చట్టంలోకి తెచ్చింది. దిక్కులేనివాళ్లు వీధిన పడకుండా చూడటమే అప్పటి ఉద్దేశం. అందుకే మొత్తాలు చాలా చిన్నవి. 1898 కోడ్‌లోని 488వ సెక్షన్ నెలకు 50 రూపాయలకు మించి ఇప్పించనివ్వలేదు. ఆ పరిమితిని 1923లో 100కు, 1955లో 500కు పెంచారు.

తల్లికీ బాధ్యత

1955 హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ పిల్లల కస్టడీ, పోషణ, చదువుపై ఆదేశాలిచ్చే అధికారాన్ని కోర్టులకు ఇచ్చింది. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం మరో అడుగు ముందుకు వేసింది. సంతానాన్ని పోషించే బాధ్యత తండ్రితో పాటు తల్లికీ ఉందని 20వ సెక్షన్‌లో రాసింది. వివాహేతర సంతానానికీ ఇదే హక్కు ఇచ్చింది. తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురికి మైనారిటీ తీరాక కూడా ఈ సెక్షన్ కింద మనోవర్తి అడిగే వీలుంది. 2020లో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ స్పష్టం చేసింది.

500 రూపాయల గోడ

1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పాత 488వ సెక్షన్ 125వ సెక్షన్‌గా మారింది. 500 రూపాయల గరిష్ఠ పరిమితి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ 500 కుటుంబం మొత్తానికా, ఒక్కొక్కరికా అన్న వివాదం 1978లో సుప్రీంకోర్టుకు చేరింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అది ఒక్కొక్కరికి వర్తించే పరిమితేనని తేల్చారు. స్త్రీలకు, పిల్లలకు రక్షణగా పుట్టిన సెక్షన్‌ను వాళ్లకు మేలు చేసేలాగే చదవాలన్నారు. కేంద్ర చట్టంలోని ఆ పరిమితి చివరకు 2001 సెప్టెంబర్ 24న తొలగిపోయింది. మధ్యంతర భరణం పిటిషన్‌ను నోటీసు అందిన నాటి నుంచి వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలన్న నియమమూ ఆ సవరణతోనే వచ్చింది.

ఈలోగా 1984 చట్టంతో ఫ్యామిలీ కోర్టులు ఏర్పడ్డాయి. విడాకులు పొందిన ముస్లిం దంపతుల పిల్లలకు కూడా 125వ సెక్షన్ కింద హక్కు ఉందని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం మహిళల కోసం 1986లో వచ్చిన చట్టం బిడ్డ పోషణకు పెట్టిన రెండేళ్ల గడువు ఆ హక్కును తగ్గించదని స్పష్టం చేసింది.

జీతాల నిష్పత్తి

ఇద్దరూ సంపాదించే తల్లిదండ్రుల విషయంలో దారి చూపినది 2000 నాటి పద్మజా శర్మ కేసు. అందులో భర్త జీతం భార్య జీతానికి దాదాపు రెట్టింపు. ఒక్కో బిడ్డకు నెలకు 3,000 రూపాయలు అవసరమని లెక్కగట్టిన సుప్రీంకోర్టు, ఆ భారాన్ని తండ్రి, తల్లి 2:1 నిష్పత్తిలో మోయాలని ఆదేశించింది. ఉదాహరణకు తండ్రి జీతం 80,000, తల్లి జీతం 40,000, బిడ్డ ఖర్చు 24,000 అనుకుందాం. ఈ పద్ధతిలో తండ్రి వాటా 16,000, తల్లి వాటా 8,000. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతుంటే ఆమె తన వాటాను ఇంట్లోనే ఖర్చు పెడుతుంది కనుక తండ్రి తన 16,000 ఆమె చేతికి ఇవ్వాలి.

2004లో ఢిల్లీ హైకోర్టు మరో పద్ధతి సూచించింది. కుటుంబ ఆదాయాన్ని వాటాలుగా విడగొట్టి సంపాదించే భర్తకు రెండు, మిగిలిన ఒక్కొక్కరికి ఒకటి చొప్పున పంచడం ఆ పద్ధతి. ఇవేవీ కచ్చితమైన సూత్రాలు కావు. అమెరికాలో 1988 తర్వాత ప్రతి రాష్ట్రమూ ఆదాయాన్ని బట్టి లెక్కగట్టే మార్గదర్శకాలను తప్పనిసరి చేసింది. భారతదేశంలో అలాంటి పట్టిక లేదు, ప్రతి కేసునూ విడిగానే చూస్తారు.

2020 తీర్పు

లెక్క న్యాయంగా తేలాలంటే ఆదాయం నిజంగా బయటపడాలి. జీతం తక్కువ చేసి చెప్పడం, కేసు పడగానే ఉద్యోగం మానేయడం, ఆస్తిని బంధువుల పేర పెట్టడం కోర్టులకు కొత్త కాదు. దీనికి విరుగుడుగా 2020 నవంబర్ 4న రజనీష్–నేహా కేసులో జస్టిస్ ఇందూ మల్హోత్రా, తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డి ధర్మాసనం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం తెలిపే అఫిడవిట్ దాఖలు చేయాలి. వ్యవసాయదారులకు వేరే నమూనా ఉంది. మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది. తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువుతో పాటు కోచింగ్ ఫీజులనూ తగుమేరకు బిడ్డ ఖర్చులో చేర్చాలి. చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే అయినా, తల్లికి తగినంత సంపాదన ఉంటే దామాషా ప్రకారం పంచుకోవచ్చు. ఈ మార్గదర్శకాలు సరిగా అమలు కావడం లేదని 2023లో గుర్తించిన సుప్రీంకోర్టు, తీర్పును మళ్లీ అన్ని కోర్టులకు పంపమని ఆదేశించింది.

వసూలు

మంజూరైన సొమ్ము చేతికి అందితేనే ఆదేశానికి విలువ. ఎగవేసినవారిపై మేజిస్ట్రేటు వారంటు జారీ చేసి సొమ్ము రాబట్టవచ్చు, అప్పటికీ చెల్లించకపోతే జైలుకు పంపవచ్చు. మామూలు అప్పుల డిక్రీల్లో కంటే మనోవర్తి డిక్రీలో జీతంపై పట్టు ఎక్కువ: మూడో వంతు మినహా మిగిలినదంతా జప్తు చేసుకునే వీలును సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఇస్తోంది. 2005 గృహహింస చట్టం కింద కోర్టు యజమాని నుంచే నేరుగా సొమ్ము ఇప్పించగలదు. తండ్రో తల్లో విదేశంలో ఉంటే కష్టాలు పెరుగుతాయి. పిల్లల మనోవర్తి వసూలుకు ఉద్దేశించిన 2007 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అమెరికాలో ఉద్యోగం చేసే తల్లిదండ్రులున్న అనేక తెలుగు కుటుంబాలకు ఈ లోటు నేరుగా తగులుతోంది.

ప్రస్తుత స్థితి

2024 జులై 1 నుంచి 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అమల్లో ఉంది. జీతాలు, ఖర్చులు మారితే మొత్తాన్ని పెంచమని గానీ తగ్గించమని గానీ అడగవచ్చు. బిడ్డను చూడనివ్వలేదని సొమ్ము ఆపడం, సొమ్ము రాలేదని బిడ్డను చూపించకపోవడం రెండూ తప్పే. తల్లిదండ్రులు తమ మధ్య ఎన్ని విషయాల్లోనైనా రాజీ పడవచ్చు గానీ, బిడ్డకు చెందిన మనోవర్తిని వదులుకునే అధికారం ఇద్దరిలో ఎవరికీ లేదు.