మాట ఎక్కడ పుడుతుంది? మెదడు పటం చరిత్ర



ఆనేకల్ బజారులో ఒక్క పావుగంట నిలబడి వినండి. ఇంట్లోవాళ్ళతో తెలుగులో మాట్లాడుతున్న రైతు, కాయగూరల అంగడిలో కన్నడంలో బేరమాడతాడు. హోసూరు నుంచి వచ్చిన వ్యాపారికి తమిళంలో జవాబిస్తాడు. ఎక్కడా తడబడడు. ఈ మూడు భాషలూ ఆయన తలలో ఎక్కడుంటాయి? మూడింటికీ మూడు గదులున్నాయా, లేక అన్నీ ఒకే గదిలో కాపురం చేస్తున్నాయా? దీనికి జవాబు తెలియాలంటే మెదడు పటాన్ని మనుషులు ఎలా గీశారో ముందు తెలుసుకోవాలి. ఈనాటి ప్రసంగం దాని గురించే.

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. అందులో ముఖ్యంగా మూడు భాగాలు. వెన్నుపాముతో కలిసే కాండం ఊపిరినీ గుండె కొట్టుకోవడాన్నీ నడుపుతుంది. వెనుకవైపు కిందుగా ఉండే చిన్నమెదడు నడకలో, పనిలో తూకం తప్పకుండా చూస్తుంది. ఈ రెండింటి మీదా గొడుగులా కమ్ముకుని ఉండేది పెద్దమెదడు. దాని పైపొర పేరు వల్కలం, అంటే బెరడు. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే. అక్రోటు పలుకులా ముడతలు పడి ఉంటుంది. దాదాపు మూడింట రెండు వంతులు ఆ ముడతల లోపలే దాగి ఉంటుంది. పెద్ద దుప్పటిని చిన్న పెట్టెలో కుక్కినట్టన్నమాట. మన చూపు, వినికిడి, మాట, ఆలోచన అన్నింటికీ ఈ బెరడే ఆధారం.

ఇందులో ఏ చోటికి ఏ పని అన్నది ఎలా తెలిసింది? ఆరోగ్యవంతుల తలలోకి తొంగి చూసే యంత్రాలు ఆనాడు లేవు. దెబ్బ తిన్నవారే గురువులయ్యారు.

1848లో అమెరికాలో రైలుదారి వేస్తున్న ఫినియస్ గేజ్ అనే మేస్త్రీకి ప్రమాదం జరిగింది. మందుగుండు పేలి, మీటరుకు పైగా పొడవున్న ఇనుపకడ్డీ ఎడమ చెంపలో దిగి నడినెత్తిన బయటికి దూసుకుపోయింది. ఆయన బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. అయితే నిదానస్తుడనిపించుకున్న మనిషి తొందరపాటుగా, మాటకు కట్టుబడనివాడుగా మారిపోయాడని వైద్యుడు రాసిపెట్టాడు. తర్వాతి ఏళ్ళలో కొంత కుదుటపడి, చిలీ దేశంలో గుర్రపుబండి తోలి బతికాడు. నుదుటి వెనుక భాగానికీ మనిషి నడవడికీ సంబంధం ఉందన్న ఆలోచనకు ఈ ఉదంతం బలమిచ్చింది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరికి లబోర్న్ అనే రోగి వచ్చాడు. ఎదుటివారు చెప్పింది ఆయనకు అర్థమవుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఆయన నోట వచ్చింది ‘టాన్’ అన్న ఒక్క శబ్దమే. కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు. బ్రోకా మెదడును పరీక్షించి చూస్తే, ఎడమవైపు నుదుటి భాగంలో ఒకచోట చెడిపోయి ఉంది. మాట పలికించే చోటు అదేనని ప్రకటించాడు. 1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికె దీనికి తిరగబడిన స్థితిని వర్ణించాడు. ఈ రోగులు గడగడా మాట్లాడతారు, కానీ అందులో అర్థం ఉండదు. ఎదుటివారి మాటా తలకెక్కదు. వీరిలో దెబ్బ తిన్నది ఎడమ కణత వెనుక భాగం.

1904-05లో రష్యా, జపాన్ యుద్ధంలో తలకు తూటాలు తగిలిన సైనికులను తత్సుజీ ఇనోయే అనే జపాన్ కంటివైద్యుడు పరీక్షించాడు. గాయం తల వెనుక భాగంలో ఎక్కడ తగిలితే చూపులో ఏ మేర పోతుందో లెక్కగట్టి 1909లో పుస్తకం వేశాడు. కన్ను చూసినదాన్ని పోల్చుకునేది వెనుకతల అని దీనితో మరింత స్పష్టమైంది. ఆ తర్వాత కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, రోగి మెలకువగా ఉండగానే వల్కలాన్ని సన్నని విద్యుత్తుతో తాకి చూశాడు. మెదడుకు తనదైన నొప్పి తెలియదు కాబట్టే అది సాధ్యమైంది. ఒకచోట తాకితే చేయి కదిలేది, దాని వెనుకే తాకితే చేతిలో తిమ్మిరి పుట్టేది.

ఇక మన దారికి వద్దాం. ఆనేకల్ నుంచి చందాపుర మీదుగా హోసూరు రోడ్డు పట్టుకుని బెంగళూరులోకి వెళితే నిమ్హాన్స్ కనిపిస్తుంది. పాత మైసూరు ప్రభుత్వపు మానసిక చికిత్సాలయం, 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, 1974లో ఒక్కటై ఈ సంస్థ ఏర్పడింది. చూడవచ్చిన వారికి నిజమైన మెదళ్ళను చూపించే మ్యూజియం కూడా అక్కడుంది.

ఇప్పుడు ఇక్కడ ఆచార్యులైన డాక్టర్ సువర్ణ అల్లాడి, హైదరాబాదులో నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఉండగా, సహచరులతో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. డిమెన్షియా అంటే జ్ఞాపకశక్తినీ తెలివినీ క్రమంగా హరించే జబ్బు. ఒకే భాష తెలిసినవారికంటే, రెండో భాష కూడా వచ్చినవారిలో అది సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో వెల్లడించారు. బడి ముఖం చూడని వారిలోనూ ఈ తేడా కనిపించింది. 2016లో 608 మంది పక్షవాత రోగులపై వచ్చిన మరో పరిశోధనలో, జబ్బు తర్వాత కూడా తెలివితేటలు చెక్కుచెదరనివారు బహుభాషీయులలో 40.5 శాతం, ఏకభాషీయులలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇరువురికీ తేడా లేదు. ఇతర దేశాల పరిశోధనలన్నీ ఈ ఫలితాలతో ఏకీభవించలేదన్న మాటా చెప్పుకోవాలి.

మరి రైతు తలలో గదుల సంగతి? మెదడు పని చేస్తుండగా తీసిన చిత్రాలు చూపుతున్నది ఇది: భాషలు చాలావరకు ఒకే చోటును పంచుకుంటాయి. కన్నడం మాట్లాడుతున్నప్పుడు తెలుగు పూర్తిగా నిద్రపోదు. దానిని అదుపులో పెట్టి, అవసరమైనప్పుడు పిలిచే పనిలో నుదుటి వెనుక భాగానికి పెద్ద పాత్ర ఉంది. రోజూ చేసే ఈ కసరత్తే మెదడుకు నిల్వబలం ఇస్తుందని పరిశోధకుల ఊహ.

అందుచేత తల్లిదండ్రులకు ఒక మాట. బడిలో కన్నడం, ఇంగ్లీషు రావాలని ఇంట్లో తెలుగు మాన్పించేవారిని నేను చూస్తూనే ఉన్నాను. ఒక గది ఖాళీ చేస్తేనే మరొకటి నిండుతుందన్న భయం వారిది. మెదడులో అలాంటి గోడలు లేవు. పిల్లవాడు రెండు భాషలూ కలిపి మాట్లాడితే గాబరాపడకండి. ఏ మాట ఎవరితో అన్నది వాడే నేర్చుకుంటాడు.

మరొకటి. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా, మాట ముద్దయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. గడ్డ కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలో పడాలి. రోగికి ఏయే భాషలు వచ్చో వైద్యుడికి చెప్పండి. కన్నడంలో అడిగితే పలకని పెద్దాయన తెలుగులో పలకవచ్చు. పోయిన భాషలలో ఏది ముందు తిరిగి వస్తుందన్నది అందరిలో ఒకేలా ఉండదు.