ఐపీ వేస్తే అప్పుల కేసులు ఆగిపోతాయా? జీతం జప్తు అవ్వకుండా ఉంటుందా? రూల్స్ ఇవే..

అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన వాళ్ల గురించి తెలుగు రాష్ట్రాల్లో తరచూ వినిపించే మాట 'ఐపీ పెట్టేశాడు'. ఐపీ వేసిన రోజు నుంచే అప్పులోళ్లు ఏమీ చేయలేరని చాలామంది అనుకుంటారు. కానీ చట్టంలో ఉన్నది వేరు.

ఐపీ అంటే ఏంటి?
ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద దీన్ని వేస్తారు. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. అయితే అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు గ్యారంటీ ఇచ్చిన వాళ్లకే 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. మిగతా వాళ్లకు పాత చట్టమే దిక్కు. పిటిషన్‌లో అప్పులు, అప్పు ఇచ్చినవాళ్ల పేర్లు, ఆస్తులు అన్నీ చూపించాలి.

కేసులు ఎప్పుడు ఆగుతాయి?
అసలు పాయింట్ ఇదే. పిటిషన్ వేసినంత మాత్రాన సివిల్ కేసులు వాటంతట అవే ఆగవు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక, సెక్షన్ 28 ప్రకారం కోర్టు పర్మిషన్ లేకుండా కొత్త దావా వేయకూడదు. అప్పటికే నడుస్తున్న కేసును ఆపాలా, షరతులతో కొనసాగించాలా అనేది సెక్షన్ 29 కింద ఆ కోర్టే తేలుస్తుంది. అరెస్టు నుంచి రక్షణ కావాలంటే సెక్షన్ 31 కింద విడిగా అడగాలి. అమెరికాలో మాత్రం బ్యాంక్‌రప్సీ ఫైల్ చేయగానే చాలావరకు దావాలు, జీతం కోతలు ఆగిపోతాయి. ఆ రూల్ ఇక్కడ లేదు.

జీతంలో ఎంత పట్టుకోవచ్చు?
ఐపీ వేయకపోయినా జీతానికి కొంత రక్షణ ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం, మామూలు అప్పు డిక్రీలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. ఉదాహరణకు లెక్కలోకి వచ్చే జీతం 31,000 అయితే, నెలకు 10,000 వరకే జప్తు చేయొచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోత పడితే, ఆ డిక్రీకి ఇక జీతం పట్టుకోవడం కుదరదు. పీఎఫ్, ప్రభుత్వ పెన్షన్ జప్తు కావు. భార్యాపిల్లల మనోవర్తి డిక్రీ అయితే లెక్క మారుతుంది. అప్పుడు జీతంలో మూడో వంతుకే మినహాయింపు.

ఐపీతో ఆగనివి ఇవే
* ఇల్లు, పొలం తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు. తాకట్టు మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది.
* చెక్ బౌన్స్ కేసు. ఇది క్రిమినల్ కేసు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడొచ్చు.
* షూరిటీ సంతకం పెట్టినవాళ్ల బాధ్యత. అప్పు చేసిన వ్యక్తి బయటపడినా వాళ్లు కట్టాల్సిందే.
* ప్రభుత్వ బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు.

ఆస్తి దాచేస్తే?
దివాలా ప్రకటించగానే ఆస్తి కోర్టు లేదా రిసీవర్ చేతికి వెళ్తుంది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో భార్య పేరున, బంధువుల పేరున ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయొచ్చు. మోసపూరితంగా ఆస్తి దాచినా, లెక్కల పుస్తకాలు మాయం చేసినా ఏడాది వరకు జైలు శిక్ష ఉంది.

డిశ్చార్జ్ మర్చిపోవద్దు
దివాలా ఆర్డర్‌తో పని అయిపోదు. కోర్టు ఇచ్చిన గడువులోగా డిశ్చార్జ్ కోసం అప్లై చేయాలి. చేయకపోతే ఆ ఆర్డరే రద్దవుతుంది, అప్పులోళ్లు మళ్లీ కోర్టుకెక్కొచ్చు. డిశ్చార్జ్ కాని దివాలాదారు ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు అనర్హుడు కూడా.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. కోర్టు సమన్లు వస్తే మాత్రం ఐపీ వేశాం కదా అని పక్కన పడేయకుండా, చెప్పిన తేదీకి హాజరవ్వడం తప్పనిసరి.