ఇంటిపేరు – ఊరిపేరు

తెలుగువాని సంతకమున పేరునకు ముందొక పొడి యక్షరము నిలిచియుండును. అరవనాట ఆ యక్షరము తండ్రిపేరును సూచించును. తెలుగునాట ఇంటిపేరును సూచించును. చూచుటకు చిన్న యక్షరమే గాని దాని వెనుక కొన్ని వందల యేండ్ల కథ యున్నది. మన పూర్వులు ఏ యూరినుండి ఏ యూరికి తరలిరో, ఏ కొలువు చేసిరో, ఇరుగుపొరుగువారు వారి నేమని పిలిచిరో ఆ కథవలన కొంత తెలియగలదు. పల్నాటిసీమలో సత్తెనపల్లినుండి పిడుగురాళ్లకు పోవు దారిలో నున్న రాజుపాలెమును, దాని పరిసరములను ఆధారముగ గొని ఆ కథను పరిశీలింతము.

మిక్కిలి ప్రాచీనకాలమున ఇంటిపేరున కింత ప్రాముఖ్యము లేదు. పదునొకండవ శతాబ్దపు నన్నయభట్టును మనము నన్నయ యనియే స్మరింతుము. పదుమూడవ శతాబ్దమునకు వచ్చునప్పటికి తిక్కనసోమయాజి కొట్టరువు వారి బిడ్డగా మనకు పరిచితుడగుచున్నాడు. కొట్టరువనగా ధాన్యము మొదలగు వస్తువులను నిలువజేయు స్థలము. ఆయన తాతగారు గుంటూరి నేలిన మంత్రి భాస్కరుడు. జనము పెరిగి, ఒకే పేరు గలవారు ఊర పలువురైనప్పుడు, ఏ సోమన్న, ఏ రామన్న యని విడదీసి చెప్పవలసిన యవసరము కలిగినది. పన్ను వ్రాయువానికిని, సాక్షులపేళ్లు వ్రాయువానికిని ఆ యవసరము మఱింత హెచ్చు. ఇంటిపేళ్లు ఆ యవసరమునుండి పెరిగినవి.

మన యింటిపేళ్లలో పెద్దపాలు ఊళ్లపేళ్లే. ఇక్కడ గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఒక యూరిలో నున్నవారందరును ఆ యూరివారే. కనుక ఆ యూరిపేరుతో అచ్చట నెవ్వరిని పిలిచినను ప్రయోజనము లేదు. ఊరు విడిచి పొరుగూరు చేరినవానికే ఆ పేరు గుర్తుగా పనికివచ్చును. మాలపల్లి నవలను రచించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో సత్తెనపల్లి ప్రాంతమునందలి వేములూరుపాడున జన్మించిరి. ఉన్నవ యను గ్రామము నేటి పల్నాడు జిల్లాలోనే, యడ్లపాడు మండలమున నున్నది. కావున ఊరిపేరు ఇంటిపేరుగా గల కుటుంబము ఆ యూర నున్నదని గాక, ఆ యూరినుండి యొకప్పుడు వచ్చినదని మనము గ్రహింపవలెను. ఇంటిపేళ్ల జాబితా వలసల చరిత్రయే.

ఆ వలసలకు కారణము లనేకములు. యుద్ధములు, కొత్తగా దొరకిన పొలములు, వియ్యములు, ఉద్యోగములు కొన్ని, కరవులు మఱికొన్ని. 1833లో గుంటూరు మండలమును పీడించిన మహాక్షామమున, సుమారు ఐదు లక్షల జనములో లక్షన్నరకు పైగా మరణించిరి. బ్రదికినవారిలో పలువురు ఊళ్లు విడిచిరి. మూటతో బయలుదేరినవానికి ఇల్లును పొలమును వెనుకబడిపోయినను, ఊరిపేరు మాత్రము వెంట వచ్చినది.

ఊరిపేరు ఇంటిపేరగునప్పుడు దాని రూపము కొంచెము మారును. వారు, ఇల్లు, వంశము అను మాటలు దాని వెనుక నున్నవన్న భావమే ఆ మార్పునకు కారణము. చిన్నయసూరి బాలవ్యాకరణమున ఔపవిభక్తికములని చెప్పిన వర్ణములే ఇచ్చట పనిచేయును. టంగుటూరు వారు టంగుటూరివారైరి. ప్రకాశము పంతులుగారి యింటిపేరు అది. కందుకూరు కందుకూరియైనది. పాడు పాటియగును, నాడు నాటియగును. అట్లే పల్నాడు పల్నాటియైనది. ము వర్ణము పు వర్ణమగును: ముప్పవరము ముప్పవరపు, పాలెము పాలెపు. ఈ సూత్రము తెలిసినచో ఇంటిపేరునుండి ఊరిపేరును వెనుకకు దీయవచ్చును. ఊళ్లపేళ్ల చివరనుండు పాడను మాటకు పాడువడినదని యర్థము గాదు. అది నివాసస్థలమును దెల్పు పాతమాట. పాలెమనగా మొదట దండు విడిసిన చోటు. పిదప చిన్న యూరు. రాజుపాలెమను పేరు గల యూళ్లు ఆంధ్రదేశమున పెక్కులుండుటకు కారణమిదియే. కనుక ఊరిపేరు దొరకగానే అది మన యూరే యని నిశ్చయింపరాదు. ఆ పేరుగల యూళ్లన్నిటిని విచారింపవలెను.

ఊరిపేరు మారినను, ఊరే మాసినను ఇంటిపేరు నిలుచును. మల్రాజు జమీందారుల కాలమున నరసారావు పేర నరసరావుపేట యని ప్రసిద్ధమైన పట్టణమునకు పూర్వనామము అట్లూరు. నేడు ఆ పాతపేరు వ్యవహారమున లేదు. అట్లూరివారు మాత్రము పలుచోట్ల కలరు. అట్లూరను పేరుగల గ్రామములు వేఱుచోట్ల నుండుటచే వారందరును నరసరావుపేటనుండి వచ్చినవారని చెప్పుటకు వలనుపడదు. బెల్లంకొండ ప్రాంతమున కృష్ణయొడ్డున నుండిన కోళ్లూరు, పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే చూచి వర్ణించిన వజ్రపు గనుల యూరు. అది 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయమున మునిగినది. మునిగిన యూళ్లవారు కొత్త కాలనీలకు తరలిరి. వారి మనుమలకు ఆ యూరు చూపుటకు వీలులేదు. పేరు చెప్పుటకు మాత్రము వీలున్నది.

కొలువులవలన వచ్చిన పేళ్లు రెండవ తెగ. ప్రెగ్గడ యనగా మంత్రి. ఎఱ్ఱాప్రెగ్గడ పేర నున్న ఆ మాటయే ప్రగడ యను రూపమున నేటి యింటిపేళ్లలో వినవచ్చుచున్నది. భండారు, తలారి, కరణము ఇట్టివే. గ్రామకరణముల పదవులు ఆంధ్రప్రదేశమున 1984లో రద్దయినవి. కరణము వారు మాత్రము నిలిచిరి. నాయని యను మాట కుదించుకొని నేని యైనది. పూర్వుడొక నాయుని పేరు దానికి ముందుండును. బోయిన యను తుదిగల పేళ్లలోని బోయశబ్దము పాత దేవాలయ శాసనములలో తఱచు కానవచ్చును. అఖండదీపమునకు నేయి సమకూర్చుటకై గొఱ్ఱెలను, ఆవులను స్వీకరించినవారికి అది బిరుదు.

వస్తువులపేళ్లు, జంతువులపేళ్లు మూడవ తెగ. పల్నాటిలో వీనికి ప్రసిద్ధమైన యుదాహరణములు కలవు. వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి జాషువగారి యింటిపేరు గుఱ్ఱము. 1964 మొదలు 1971 వఱకు ముఖ్యమంత్రిగా నుండిన బ్రహ్మానందరెడ్డిగారి యింటిపేరు కాసు. 2014లో శాసనసభాపతియైన శివప్రసాదరావుగారి యింటిపేరు కోడెల. వీని యర్థము పసివానికిని తెలియును. ఆ పేరు ఆ యింటి కేల వచ్చినదన్న ప్రశ్నకు మాత్రము నిఘంటువు బదులు చెప్పదు. ఆ యింటి వృద్ధులే చెప్పవలెను.

ఇంటిపేరు విన్నంతనే కులము నూహించు దురలవాటు మనలో నున్నది. చరిత్ర దీనికి బలమీయదు. ఒక యూరినుండి బ్రాహ్మణుడు తరలినను, కాపు తరలినను, కుమ్మరి తరలినను, మాల మాదిగలు తరలినను కొత్తయూర వారికందరికిని ఆ యూరిపేరే వచ్చును. అందుచే ఒకే యింటిపేరు పలు కులములలో కనబడును. గుఱ్ఱము జాషువ పద్యములను మెచ్చినవారే, ఆయన కులము తెలిసినంతనే పంక్తిలో దూరముగ కూర్చుండబెట్టిన కాలమొకటి యుండెను. ఇంటిపేరు మనిషి వచ్చిన దారిని చెప్పగలదు గాని, మనిషి యోగ్యతను చెప్పజాలదు.

అయినను సంఘము దానికొక ముఖ్యమైన పని యొప్పగించినది. ఒక కులమున ఇంటిపేరొకటియైనచో వారు దాయాదులు. వారిలో వియ్యము పనికిరాదు. పెండ్లిమాటలలో మొదటి ప్రశ్న ఇంటిపేరగుట కిదియే హేతువు. ఆడుబిడ్డ అత్తవారింటి పేరు స్వీకరించినను, పుట్టింటివారి పేరు ఆమె నోట నిలిచియుండును. తల్లి పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు కాగితములపై నుండవు. కుటుంబచరిత్రలో సగము ఆ పేళ్లలోనే యున్నది.

వ్రాయబడని యింటిపేరు ఎంత శీఘ్రముగ మాయమగునో సముద్రము దాటిన మనవారి చరిత్ర చూపును. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి కూలీలతో నేటాలు రేవును చేరినది. అది మొదలు 1911 వఱకు తెలుగువారు వేలకొలది పోయిరి. అచ్చటి దస్తావేజులలో కూలీ పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు వ్రాసికొనిరి. ఇంటిపేరునకు ప్రత్యేకముగ గడి లేదు. వారి సంతతిలో నాయుడు, రెడ్డి యను మాటలే కుటుంబనామములై స్థిరపడినవి. నేడు వారిలో కొందఱు తాతముత్తాతల యూరిని వెదకికొనుచు వచ్చుచున్నారు. ఇంటిపేరు తెలిసియుండినచో ఆ వెదకులాట కొంత సులభమయ్యెడిది.

మనకును ఆ చిక్కు దూరముగ లేదు. విదేశయానపు పత్రములలో పేరు తుద నున్న రావు, కుమారు మొదలగు మాటలు కుటుంబనామములుగ చేరిపోవుచున్నవి. ఆంగ్లాక్షరములలో అన్నయొక తీరున, తమ్ముడొక తీరున ఇంటిపేరు వ్రాయుచున్నారు. పొడి యక్షరము మాత్రమే తెలిసిన పిల్లలు పెరుగుచున్నారు.

కావున ప్రతి కుటుంబమును చేయదగిన పని యొకటి కలదు. ఇంటనున్న పెద్దవారిని కూర్చుండబెట్టి నాలుగు సంగతు లడుగవలెను. మన యింటిపేరు పూర్తిగా నేమి? ఆ పేరు ఏ యూరినుండి, ఏ పనినుండి వచ్చినదని మీ పెద్దలు చెప్పిరి? ఈ యూరికి మొదట వచ్చినవా రెవరు? మన యింటికి కోడండ్రుగ వచ్చినవారి పుట్టిండ్ల పేళ్లేవి? వారి మాటలను, విన్నవి విన్నట్లుగ, తెలుగులో తేదీతో వ్రాసి, పొలము కాగితముల సరసన దాచవలెను. పొలము కాగితము పోయినచో నకలు తెచ్చుకొనవచ్చును. అవ్వ తెలిసిన సంగతులకు కచ్చేరిలో నకలు దొరకదు.