మదరాసు రేవు ట్రాము

మహానందిలో పుట్టిన నాకు జలమనగా కోనేరే. ఓడరేవును నేను పుస్తకములయందే యెరుగుదును. అయినను మన కర్నూలు, కడప మండలములకు పూర్వము రాజధాని మదరాసు. అచ్చట 1895 మే 7వ తేదీన రేవునుండి యూరిలోనికి విద్యుచ్ఛక్తితో ట్రాము నడచెను. భరతఖండమున నట్టిది యిదియే మొదటిది. సరకులును, జనులును దానిలో పోవుచుండిరి. రంగూనునకు కూలికై వెడలిన తెలుగువారు కొందరా రేవుననే యోడ నెక్కిరి.

విద్యుత్తును తొలుత నేలలోని తూములగుండ నడపిరి. మనము వానకై మొగము వాచి యుందుము. అచ్చట వాననీరే యా తూములను చెరచెను! పిమ్మట స్తంభములు నాటి, తీగలు పైకట్టిరి.

నష్టములచే 1953 ఏప్రిల్‌లో ట్రాము నిలిచెను. ఆ యేటనే, అక్టోబరు 1న, మదరాసు మనకు దక్కక, కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యయ్యెను. కచేరీలు గుడారములలో నడచెనని మా పెద్దలు చెప్పుచుండెడివారు.